ఒన్ని పెదనాన్న కొలత

కొర్పివారా, ఆగస్టు, ఆదివారం

ప్రియమైన నాన్నకి,

నీ కాలి కట్టు ఇంకా విప్పలేదని ఆస్పత్రి నర్సు ఫోన్లో చెప్పింది. మంచిదే. కదలకుండా పడుకుని చదువు. ఇందులో నీకు కోపం తెప్పించే సంగతులు రెండున్నాయి.

మొదటిది తుపాకీ గురించి. నువ్వు బండల మీద జారినప్పుడు నీ కాలితో పాటు భుజానికి ఆనించే దాని చెక్క కట్టె కూడా పోయింది. చేత్తో పట్టుకునే సన్నటి చోట నిలువునా చీలింది. జిగురుకి ఆగదు. గొట్టం మాత్రం బాగుంది. నిన్న వేట సంఘం వాళ్లు మనింట్లో కాఫీకి కూర్చున్నప్పుడు తౌనో బాబాయ్ కేటలాగు తెరిచి ప్లాస్టిక్ కట్టె బొమ్మ చూపించాడు. వానకి ఉబ్బదట, మంచుకి పగలదట, వారంలో పోస్టులో వస్తుందట. యంత్రం పోతపోసిన వస్తువుకి అలవాటు పడితే మన చేతులు మనవి కాకుండా పోతాయని చెప్పాను. నేను చదివే కరపత్రాల్లో ఉన్న మాటే. "ఆ కరపత్రాలు మరి చేత్తో రాసి పంచుతున్నారామ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కేటలాగు లాక్కుని ఆవిరిగది పొయ్యిలో పడేశాను. అది బాబాయ్‌ది కాదు, సహకార సంఘం కొట్టుదని కాలిపోయాక తెలిసింది.

కాబట్టి బిర్చ్ కలపే. హిల్యక్క స్కీలు చెయ్యడానికని షెడ్డులో ఏళ్లుగా ఆరబెట్టిన పలకల్లోంచి ఒకటి ఇస్తానంది. కొలత ఇవ్వడానికి రమ్మంది. నాకెందుకు కొలత? పాత కట్టె రెండు ముక్కలూ ఆవిడ బల్ల మీద పెట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండా ఇలాగే చెక్కమన్నాను. ఒన్ని పెదనాన్న వాడింది అది. ఆయన నదిలో దుంగల కింద పడి పోయాక నువ్వు వాడింది. దాని రూపు మార్చడం ద్రోహం. హిల్యక్క ఉలి కింద పెట్టేసి, "నీ చేతులు బారెడున్నాయి పిల్లా. మీ నాన్నవీ అంతే. ఆయన్ని ఓ మాట అడుగు, అప్పుడు చెక్కుతా," అంది. అందుకే అడుగుతున్నాను. సరేనని రాయి, చాలు.

రెండోది. వసంతంలో దుప్పి బొమ్మ మీద కాల్చే పరీక్ష తప్పినప్పుడు ఎండ కళ్లలో పడిందని చెప్పాను కదా. అబద్ధం. మొదటి గుండుకే నా బొటనవేలి కణుపు వచ్చి ముక్కుకి కొట్టుకుంది. ఆ తర్వాత ప్రతి గుండుకీ ముందే కళ్లు మూసుకున్నాను. ఆ దెబ్బ నువ్వు ముప్ఫై ఏళ్లుగా తింటున్నావు. నీ ముక్కు ఎర్రబడిందంటే దుప్పుల వేట మొదలైనట్టేనని ఊరంతా అనుకునేది. నేను ఒక్క దెబ్బకే ఝడిసిపోయాను. అందరి మీదా అరిచే నేను లోపల పిరికిదాన్నని ఆ రోజే తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. నెలాఖరుకి మళ్లీ పరీక్ష. తప్పితే చిత్తడి పక్కన నువ్వు కాపు కాసే చోటు ఈ ఏడు తౌనో బాబాయ్ అల్లుడికి పోతుంది. పోనివ్వను. ముక్కు చితికినా సరే, ఈసారి కళ్లు మూయను.

నీ కూతురు,
సైమి


ఆస్పత్రి, గురువారం

సైమీ,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే అదే కారణం.

కొట్టువాళ్లకి ఇంకో కేటలాగు తెచ్చివ్వు. తౌనో చెప్పిన దాంట్లో తప్పేం లేదు, ప్లాస్టిక్ గట్టిదే. కానీ చల్లటి పొద్దున చెంపకి బిర్చే బాగుంటుంది. అది సరే.

మా అన్న ఒన్ని నా భుజం దాకా వచ్చేవాడు. ఆ కట్టె వాడి చేతికి చెక్కించుకున్నది. వాడు పోయాక మా అమ్మ తుపాకీ తెచ్చి నా చేతిలో పెట్టింది. కట్టె నాకు పొట్టిదని మొదటి గుండుకే తెలిసింది. చివర చిన్న చెక్కముక్క అతికిస్తే సరిపోయేది. అమ్మ చూస్తుండగా ఒన్ని వస్తువు మీద చెయ్యి వెయ్యలేకపోయాను. అమ్మ పోయేసరికి నా మెడ అలా వంగడానికే అలవాటు పడింది. ఎవరడిగినా తుపాకీ వెనక్కి తన్నే తీరే అలాంటిదని చెప్పి తప్పించుకున్నాను. నీకూ అదే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ముక్కు పగలగొట్టేది తుపాకీ కాదు, పొట్టి కట్టె. కళ్లు నేనూ మూసుకున్నాను. మొదటి రెండేళ్లు నేను కొట్టినవన్నీ చెట్లే. నువ్వు పిరికిదానివి కాదు, నీది కాని కొలత పట్టుకున్నావు.

హిల్య దగ్గరికెళ్లి చెయ్యి చాపు.

నాన్న


కొర్పివారా, అక్టోబరు, ఆదివారం

నాన్నా,

నీ ఉత్తరం చదివి ముందు నీ మీద కోపమొచ్చింది. ముప్ఫై ఏళ్లు. తర్వాత హిల్యక్క దగ్గరికి నడిచాను. నా మోచెయ్యి మడిచి, పాత కట్టె వెనక చివరని ఆ మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్‌కి ఎంత దూరంలో ఆగుతుందో చూసింది. పాతదానికంటే రెండు వేళ్ల పొడవు ఎక్కువ పెట్టింది. "పాత ముక్కలు కూడా పొయ్యిలోకేనా?" అని వెక్కిరించింది. వాటిని నీ మంచం కింద పెట్టాను. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

పరీక్షలో గుండ్లన్నీ దుప్పి బొమ్మ గుండె దగ్గరే పడ్డాయి. నిన్న వేట మొదలైంది. పొగమంచు లేచే వేళ గుర్రమంత దుప్పి చిత్తడి దాటుతూ ఒక్క క్షణం ఆగింది. కళ్లు తెరిచే ఉంచాను నాన్నా. అది పడటం మొత్తం చూశాను. ఒక్క గుండే. తౌనో బాబాయ్ పరుగున వచ్చి, దుప్పిని చూడకుండా నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పాడు. "ముక్కు ఎర్రబడలేదేంటే? నువ్వు ఎయినో కూతురివేనా?" అన్నాడు. నీ సంగతంతా చెప్పాను. బాబాయ్ టోపీ తీసి, ఒన్ని ఎంత పొట్టివాడో తన గుండె దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. తనూ ఒన్నీ బడిలో ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లట.

ఎవరి చేతికి వాళ్ల కొలతేనని ఏ కరపత్రంలోనూ లేదు. ఉండాల్సింది.

ఇంకో మాట. కట్టె చెక్కేముందు హిల్యక్క మనింటికొచ్చి మేకుకి వేలాడుతున్న నీ కోటు చేతిని కూడా కొలిచింది. నీదీ నాదీ ఒక్కటే పొడవు, కొత్త కట్టె నీకూ సరిపోతుంది. అందుకని వచ్చే ఏడు ఆ చోటు నీదే. నేను కుక్కతో అడవిలో దుప్పుల్ని తోలుతాను, అరవడం నాకెలాగూ వచ్చు. త్వరగా నడవడం నేర్చుకో. దుప్పుల వేటలో నీ ముక్కు మామూలు రంగులో ఎలా ఉంటుందో చూడాలని ఊరంతా కాచుకుని ఉంది.

సైమి