బేరం బటన్

మే 20, 2017

కొత్త నియమం. యాప్ ఎలా కనిపించాలో అనూరాధ ఇష్టం. లోపల ఎలా నడవాలో నా ఇష్టం. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. కిందటిసారి ట్యూషన్ సెంటర్ యాప్‌కి ఇద్దరం అన్నింట్లోనూ వేళ్ళు పెట్టి, వారం రోజులు ఒకే ఇంట్లో మాటల్లేకుండా బతికాం.

ఈసారి పని దానమ్మ అత్తది. నాకు మేనత్త, మా ఆవిడ అనూరాధకి అమ్మ. భోగాపురం దగ్గర ఒడ్డున చేపలమ్ముతుంది. వేట నిషేధం ఎత్తేశాక మొదటి ఆదివారం గంపంతా మాకిస్తానంది. విజయనగరం వాళ్ళు ఫోన్‌లో కొనాలి.

"బాగా అమ్మితే ఈ ఏడు సేపలన్నీ మీకే. నేదంటే సావుకారికి పోసేత్తాను."

ఈ మాట కోసం అనూరాధ ఏడాదిగా కాచుకుని ఉంది. నియమం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. సంతకాలతో సహా. బ్రహ్మాండం!

మే 23

రంగు చూశాను. చూడటం వేలు పెట్టడం కాదు. బెండకాయ పచ్చ! చేపలకి బెండకాయ రంగేమిటి? నోరు మూసుకున్నాను, సాయంత్రం దాకా.

మే 24

ఆమె బజారుకెళ్ళినప్పుడు నీలం చేసేశాను. సముద్రం కదా. ఇది డిజైన్ కాదు, దిద్దుబాటు.

మే 29

పగ తీర్చుకుంది. "బావా, నీ డేటాబేసు పాతకాలందంట. హేమ సెప్పింది."

హేమ ఆమె స్నేహితురాలు, బెంగళూరులో ఉద్యోగం. నేను పట్టించుకోలేదు. భోంచేశాక డేటాబేస్ మార్చేశాను. పని మళ్ళీ మొదటికొచ్చింది. హేమ చెప్పినందుకు మాత్రం కాదు.

జూన్ 4

యాప్‌లో వంజరం చేప బొమ్మ తోక ఊపుతోంది. ఎవరు అడిగారో గుర్తులేదు. ఇద్దరం మురిసిపోయాం. అత్త ఫోన్‌లో మాత్రం యాప్ తెరుచుకోలేదు.

"మీ సేప ఇంకా ఒడ్డుకి రానేదు," అంది.

తోక ఆపాలన్నాను. అనూరాధ అన్నం మానేసింది. చివరికి రాజీ కుదిరింది: తోక ఊపదు, కన్ను కొడుతుంది.

జూన్ 9

యాప్ అత్తకి చూపించాం.

"ఇందుల బేరమేదీ?"

"రేటు రాసుంది కదత్తా."

"బేరమాడకుండా సేప కొనీవోళ్ళని నానెక్కడా సూడనేదు."

అనూరాధ వెంటనే బేరం బటన్ గీసింది. నొక్కితే ధర కాస్త తగ్గుతుంది, అత్త బొమ్మ మొహం కాస్త ముడుచుకుంటుంది. మొహం ఆమెది, తగ్గింపు నాది. పెళ్ళయ్యాక ఇంత చక్కగా పని పంచుకోవడం ఇదే మొదలు.

జూన్ 14

రేపు పడవలు కదులుతాయి. ధర తగ్గి తగ్గి ఎక్కడ ఆగాలి అని ఒక అనుమానం వచ్చింది. అది డిజైన్ సంగతి. వేలు పెట్టలేదు. నియమం పూర్తిగా పాటించిన మొదటి రోజు. నన్ను నేనే మెచ్చుకున్నాను.

జూన్ 18, ఆదివారం

ఉదయం: గంప నిండా వంజరం, చందువ. ఆర్డర్లే ఆర్డర్లు! అత్త నవ్వింది.

కాసేపటికి: మొత్తం అమ్ముడుపోయింది. అనూరాధ కళ్ళల్లో నీళ్ళు. నేను బండి తీశాను.

మొదటి ఇల్లు రిటైర్డ్ హెడ్‌మాస్టర్ నరసింగరావు గారిది. వంజరం తీసుకుని చెయ్యి చాపారు.

"పేపరు సదువుకుంటా బేరం నొక్కుతూ కూచున్నాను. రేటు మైనస్సులోకొచ్చింది. సూడు బాబూ, మీరే నాకియ్యాలి."

ఇచ్చాను. ఆయన ఈ కిటుకు అపార్ట్‌మెంటంతా చెప్పారట.

సాయంత్రం: "ఆగే చోటు పెట్టలేదేం?" అన్నాను.

"లెక్కాగడం నీ పని కాదేటి? అడుగుదామనే అనుకున్నాను. నియమం కదాని నోరు మూసుకున్నాను," అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. రంగు మీద, తోక మీద కొట్టుకున్నవాళ్ళం, ఇద్దరికీ తెలిసిన ఒక్క సంగతి దగ్గర మర్యాద పాటించాం.

అత్త ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఫోన్ తీసుకుని అందులోని తన మొహం తనే నొక్కి చూసుకుంది.

"సేపలు సావుకారికే. వొచ్చీ ఆదివారం మీకో బుట్టెడు కవళ్ళిత్తాను, సవక సేపలే. అవి పోయినా నానేడవను."

జూన్ 19

కవళ్ళయితే కవళ్ళే. ఇంకో అవకాశం. కొత్త నియమం: ప్రతి విషయంలోనూ ఇద్దరం వేలు పెట్టి తీరాలి. చెప్పకుండా ఏదీ దాచుకోకూడదు. రాయడానికి అనూరాధ కాగితం తెచ్చింది. బెండకాయ పచ్చ.

నియమం ప్రకారం నీలం బాగుంటుందని చెప్పాను.

మధ్యాహ్నం నుంచి మాటల్లేవు.