హామీ సంతకం

12 జూన్ 1968, బుధవారం

నూతి దగ్గర ఆయిల్ ఇంజను పెట్టుకోవడానికి బ్యాంకు అప్పు కోసం దరఖాస్తు ఇచ్చి తొమ్మిది వారాలైంది. మంజూరుకు ఆరు వారాలు చాలన్నారు. ఈ రోజు శ్రీకాకుళం వెళ్లి గుమాస్తాను గట్టిగానే అడిగాను.

"మా ఆలస్యం ఏటీ లేదండీ. మీకు హామీ పడ్డాయన పోయిన నెలే వచ్చి సంతకం ఎనక్కి తీసేసుకున్నాడు. మీకు సెప్పలేదా?" అన్నాడు.

హామీ పడింది మా బావే. మొన్న సంతలో కలిసినప్పుడు కూడా "వస్తాది లేరా, ఆఫీసు పనులు అలాగే ఉంటాయి" అని భుజం తట్టాడు.

బస్సు దిగి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. దారంతా అనాల్సిన మాటలు కూర్చుకున్నాను. నన్ను చూడగానే బావ పశువులకు నీళ్లు పెట్టాలంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్క అన్నం వడ్డించింది.

"ఆయన్నేటీ అనకురా. నానే వద్దన్నాను. మాకున్నది ఆ ఎకరమే. నీ నూతిలో నీళ్లు లేక బాకీ కట్టలేకపోతే అదీ పోతాది, నా పిల్లలేటి తింటారు?"

"ఆ మాట నాకే సెప్పొచ్చు కదక్కా."

"నీ మొహం సూసి సెప్పలేకపోనాను."

అన్నం తిని, బావను పిలవకుండానే ఇంటికి వచ్చేశాను.

దరఖాస్తులో 'ఏడాది పొడుగునా నీరుండును' అని రాసింది నేనే. కిందటి వేసవిలో ఆ నూతి అడుగున బురద తప్ప ఏమీ లేదు. ఆ సంగతి బావకు చెప్పకుండానే సంతకం పెట్టించుకున్నాను. ఇప్పుడు ఇంకొకరిని హామీ అడగాలంటే, ముందు ఆ మాట చెప్పి అడగాలి.