మగ్గం గుంత సంగతి

అక్కా,

నేను, సామేలును. నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. సమాధి దగ్గరికి వచ్చి చెప్పాలనే అనుకున్నాను. కానీ అక్కడ నిలబడితే నాకు ప్రసంగం తప్ప మాట రాదు, నీకు తెలుసు కదా. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇల్లు బాగుచేయించాను. ఈ ఒక్క ముక్క రాసి ఆపేయగలిగితే ఎంత బాగుండేదో...

ఆస్పత్రి మంచం మీద నువ్వు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. "నా బిడ్డకు మొగుడు లేకపోతే పాయె, మగ్గముంది. మిద్దె కారి పడుగు తడవకుండా సూడు సామేలూ, అంతే" అన్నావు. నేను నీ చెయ్యి పట్టుకుని ప్రార్థన ఎత్తుకున్నాను. వార్డులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా. అయ్యాక నువ్వు కళ్ళు తెరవకుండానే, "దేవునికి ఇనపడిందిలేరా... ఇంక మేస్త్రీకి సెప్పు" అన్నావు.

చెప్పాను. మన ఎమ్మిగనూరు మాబాషాకే చెప్పాను. పాత మట్టిమిద్దె దించి రేకులు వేయాలి, గోడలకు పూత పూయాలి, కింద బేతంచెర్ల బండలు పరచాలి, అన్నాను. మగ్గం విప్పి పక్కింట్లో పెట్టించాను. నీ బిడ్డ సుగుణను కూడా పని అయ్యేదాకా పక్కింట్లోనే పడుకోమన్నాను.

నేను మాత్రం ఆదోనిలో, జిన్నింగు మిల్లులో, బేళ్ళు కట్టే ప్రెస్సు ముందర. పత్తి దిగే కాలంలో సెలవు మాట ఎత్తితే సూపర్‌వైజరు నన్ను దయ్యం పట్టినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. యెరూషలేము గోడ కట్టినవాళ్ళు ఒక చేత్తో పని చేస్తూ ఇంకో చేత్తో ఆయుధం పట్టుకున్నారని ఎన్ని ఊళ్ళలో అరిచి చెప్పానో లెక్క లేదు. నా ఒక చేతిలో బేలు పట్టీ, ఇంకో చేతిలో ఫోను. వాళ్ళు కనీసం గోడ దగ్గరైనా ఉన్నారు కదక్కా. నేను గోడకు ఒక బస్సు దూరంలో ఉన్నాను.

నాకు ఖాళీ ఉండేది ఆదివారం ఒక్కటే. ఆ రోజు పని చేయించకూడదని మేస్త్రీకి కట్టడి చేసింది కూడా నేనే. విశ్రాంతి దినం గురించి వాడికి అరగంట బోధ చేశాను. వాడు బీడీ ఆర్పి విన్నాడు. "మీకు ఆదివారం, నాకు శుక్రవారం. గోడకే పాపం ఏ వారమూ లేదు సామీ" అన్నాడు. వాడిది వెటకారం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే వాడొక్కడే ఇంటి గురించి మాట్లాడాడు.

అలా ఆరు రోజులు నేను లేకుండా పని జరిగేది. ఏడో రోజు నేను వచ్చేవాణ్ణి, పని ఉండేది కాదు.

ఒక బుధవారం ప్రెస్సు నడుస్తుండగా ఫోను వచ్చింది. మాబాషా. మిద్దె మట్టంతా మగ్గం గుంతలోకి, మీరు కాళ్ళు దించి మగ్గం తొక్కే ఆ గుంతలోకి, జారింది, ఎత్తిపోయాలంటే మనుషులు చాలరు. వాడు అడిగింది ఇదీ: "గుంత పూడ్సి బండలు పరిసేస్తా, రూము సమంగా వస్తాది, ఏమంటావు సామీ?"

నేను "ఆమెన్" అన్నాను.

నా నోటి సంగతి నీకు తెలుసు. బస్సులో కండక్టరు వెనక సీటు ఖాళీ ఉందన్నా ఆమెన్, మిల్లులో టీ వచ్చిందన్నా ఆమెన్. "నీ ఆమెన్‌కు అర్థం లేదురా, దగ్గు మాదిరి వస్తాంటాది" అని నవ్వేదానివి. కానీ మాబాషాకు అది దగ్గు కాదు కదా. వాళ్ళ దువా ప్రార్థన చివరా ఆ మాటే ఉంది. "ఊ అనింటే ఇంకోతూరి అడుగుతాంటి సామీ. దేవుని మాట అంటివి. దానిమీద నేనేం అడిగేది?" అన్నాడు తర్వాత. వాణ్ణి ఏమని తిట్టను?

సుగుణ అడ్డం పడింది. గుంత అంచున నిలబడి వద్దంది. "మీ మామనే సెప్పినాడు తల్లీ" అన్నారు పనివాళ్ళు. నాకు నాలుగుసార్లు ఫోను చేసింది. సూపర్‌వైజరు తిట్టాడని అప్పటికే ఫోను సంచిలో పడేశాను. ఆ ఇంట్లో పుట్టి, ఆ గుంతలో కాళ్ళు పెట్టి పొట్ట పోసుకునే మనిషి మాట కంటే, ఆదోనిలో ఉన్న మగవాడి దగ్గు పెద్దదైపోయింది. నేను వెళ్ళేసరికి బండల సందుల్లో సిమెంటు గట్టిపడింది.

అక్కా, ఇంతవరకూ రాసింది అందరికీ చెప్పిన కథే. మిగిలింది నీకు మాత్రమే రాస్తున్నాను.

ఆ ఆదివారం విశ్వాసులు ఇల్లు చూడడానికి వచ్చారు. గది నున్నగా, వెడల్పుగా ఉంది. "అన్నా, యాభై మంది కూకోవచ్చు. ఇంక చెట్టు కింద కూటాలు పెట్టుకునే పనిలేదు" అన్నారు. సుగుణను ఒక్కరైనా అడిగారా? నేను అడిగానా? ఆ సాయంత్రమే అక్కడ చాపలు పరిపించాను. బండ మీద కట్టిన ఇంటి గురించి బోధించాను. గొంతు పోయేదాకా. ఆ బండ కింద ఏముందో తెలిసీ...

సుగుణ అందరికీ మంచినీళ్ళు ఇచ్చింది. జనం వెళ్ళాక చాపలు చుడుతూ అడిగింది. "మామా, ఆ పొద్దు ఫోన్లో నీకు ఇనపల్లేదా? ఇనపడనట్లుంటివా?"

నాకు కోపం వచ్చింది. పెద్దలను గౌరవించమనే వాక్యం ఎత్తుకున్నాను. సుగుణ మధ్యలోనే ఆపి, "నేను వాక్యం అడగల్లేదు మామా" అంది.

నాకు ఈ పేరు పెట్టించింది నువ్వే అని అమ్మ చెప్పేది. దేవుడు పిలిస్తే విన్న పిల్లవాడి పేరు. నేను విన్నానా అక్కా? ప్రెస్సు మోత నిజం. కానీ "గుంత" అనే మాట నా చెవిలో పడింది. "సమంగా" అనే మాటా పడింది. ఆ రెండూ విన్నవాడికి మధ్యలోది ఏమిటో తెలియదా? నువ్వు బతికున్న రోజుల్లోనే, నువ్వు నేస్తుంటే నేను వెనక కూర్చుని ఆ గదిని కళ్ళతో కొలిచేవాణ్ణి. ఆ గుంత ఒక్కటి లేకపోతే ఎన్ని చాపలు పడతాయో... నీ ముందర కూర్చునే. నువ్వు పెట్టిన జొన్నరొట్టె తింటూనే.

పొరుగువాడి ఇల్లు ఆశించవద్దని నేను జనానికి చెప్తాను. అక్క ఇంటి సంగతి నాకెవరూ చెప్పలేదు మరి.

ఒకటి అడగనా? నువ్వైనా ఈ ఇల్లు నాకెందుకు అప్పగించావు? సుగుణ అక్కడే ఉంది కదా, నీ మంచం పక్కనే. ముప్పై రెండేళ్ళ మనిషి. దానికి మేస్త్రీతో మాట్లాడడం రాదనుకున్నావా? నువ్వూ నా పెద్ద గొంతునే నమ్మావా?

ఆ తర్వాత రెండు నెలలు మగ్గం గోడకు ఆనించే ఉంది. నూలు ఇచ్చే సావుకారు కొన్నాళ్ళు చూసి, సుగుణ పడుగును వేరే వాళ్ళకు ఇచ్చేశాడు. సుగుణ పక్క వీధిలో నూలు కండెలు చుట్టే కూలికి పోయింది. సొంత మగ్గం ఉన్న మనిషి ఇంకొకరి మగ్గానికి కండెలు చుట్టింది. మధ్యలో పెద్ద వాన వచ్చింది. రేకుల సందున ఒక్క చుక్క కారలేదు. తడవడానికి కింద పడుగే లేదు.

ఆ రోజే మిల్లులో జీతం లేని సెలవు రాసిచ్చాను. ఆదివారం కూటంలో నిలబడి, ఇక ఈ గదిలో ప్రార్థన ఉండదని చెప్పాను. "దేవుడిచ్చిన సోటు అన్నా, కాదనకూడదు" అన్నాడు ఒక పెద్దాయన. దేవుడు ఇవ్వలేదు, నేను లాక్కున్నాను అన్నాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు అది కూడా ప్రసంగమే అనుకుని తలలూపారు. ఇన్నేళ్ళు గొంతు చించుకుంటే ఇదే మిగులుతుంది... నిజం చెప్పినా బోధలాగే వినిపిస్తుంది.

సోమవారం గడ్డపార పట్టాను. బండ పగలగొట్టడం తేలిక, మట్టి తీయడమే కష్టం. అరచేతులు బొబ్బలెక్కాయి. మాబాషా వచ్చి గుమ్మంలో నిలబడి, "నేను పూడ్సింటి, నేనే తీస్తా, ఇటియ్ సామీ" అన్నాడు. ఇవ్వలేదు.

నీ మోకాళ్ళు, నీ పాదాలు గుర్తు చేసుకుంటూ తవ్వాను. పాత లోతు వచ్చిందనుకున్నాక సుగుణను పిలిచాను. అది అంచున కూర్చుని కాళ్ళు కిందికి వదిలింది. పాదాలు నేలకు అందలేదు.

"ఇది మా అమ్మ కొలత మామా. నాకు యాడ అందుతాది? ఇన్నేండ్లు కింద సెక్క ఏసుకుని తొక్కినా."

నీకు తెలుసా అక్కా? నాకు తెలియదు. పదేళ్ళుగా ఆ గది కొలతలు తీసినవాణ్ణి, సుగుణ కాళ్ళ కింద చెక్క ఉందని ఒక్కనాడూ చూడలేదు.

"ఒక జానెడు మట్టి తిరిగి పొయ్యి" అంది. పోశాను. "ఇంకొంచెం" అంది. పోశాను. నేను తొక్కి గట్టి చేస్తుంటే అది కూర్చుని చూసింది. నవ్వలేదు. నన్ను క్షమించిందా? నేను అడగలేదు. క్షమాపణ గురించి అన్ని ఊళ్ళలో అరిచినవాడికి అడగడానికి నోరు రాలేదు.

మొన్న శుక్రవారం మగ్గం ఎక్కించుకుంది. నన్ను రమ్మనలేదు, నేను మిల్లులో ఉన్నాను. సావుకారు ఒక దుప్పటి పడుగు మాత్రం ఇచ్చాడట, నేసి చూపిస్తే తర్వాత చూద్దామన్నాడట. పక్కింటావిడ చెప్తే తెలిసింది.

ఇంకా వంటింటి గోడ మిగిలింది, వెనక వాకిలి మిగిలింది. మేస్త్రీకి సుగుణ నంబరు ఇచ్చాను. గోడ యాడ లేపాలో, కిటికీ యాడ పెట్టాలో దాన్నే అడగమన్నాను. నాకు చేస్తే ఎత్తను. నీకు ఇస్తున్న మాట ఇదొక్కటే అక్కా, దీని చివర ఆమెన్ కూడా కలపడం లేదు.

నీ తమ్ముడు
సామేలు
ఆదోని