నాలుగో గడి

అంటువ్యాధుల నివారణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా తమ్ముడి మలేరియా విచారణ పత్రములో 'ఆలస్యమునకు కారణము' అనే చోట తప్పుగా పడిన టిక్కును సరిచేయుట గురించి.

ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్ళుగా రక్తపు స్లైడ్లు చూచు ఉద్యోగినినైన నేను విన్నవించుకొనునది:

1. సదరు పత్రములో మూడే గడులు ఉన్నవి: రోగి, కుటుంబము, రవాణా. విచారణకు వచ్చిన గుమాస్తాగారు 'కుటుంబము' ఎదుట టిక్కు పెట్టి, కింద 'భార్య అశ్రద్ధ' అని రాసుకొని వెళ్ళినారు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయనకు కలం ఇచ్చినది కూడా నేనే.

2. నియమం ప్రకారం మైక్రోస్కోపు కింద రక్తపు చుక్కలో వంద చోట్లు చూసిన పిమ్మటే 'మలేరియా లేదు' అని రాయవలెను. నా తమ్ముడి స్లైడులో నేను చూసినవి ముప్పై, మహా అయితే నలభై. పరాయివాడిదైతే వందా చూసేదాన్నేమో. మనవాడే కదా, వాడికేమవుతుందిలే అనుకుని 'లేదు' అని రాసేశాను. ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

3. మర్నాడు మరదలు ఫోను చేసినది.

"వదినా, గడియారం ముల్లు ఎటు తిరుగుతుందని అడుగుతున్నారు. గడియారాలు బాగుచేసే మనిషి! నాకు భయమేస్తోంది."

"జ్వరంలో మాట తూలడం మామూలేనమ్మా. స్లైడు నేనే చూశాగా."

సాయంత్రం మళ్ళీ చేసి, మూత్రం బాగా తగ్గిపోయిందనీ, వచ్చిన కాస్తా డికాక్షన్ రంగులో ఉందనీ చెప్పినది. నీళ్ళు ఎక్కువ తాగించమన్నాను. మూడోసారి చేసేసరికి వాడికి ఫిట్సు.

4. ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పిన ప్రకారం, క్రిమి పట్టిన రక్తకణాలు సన్నని నాళాల గోడలకు అతుక్కుని దారి మూసేస్తాయి. మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం సరిగా అందదు. కంటి డాక్టరుగారు వాడి రెప్ప ఎత్తి లైటు వేసి, లోపలి పొర మీద తెల్లమచ్చలూ నెత్తురు చుక్కలూ ఉన్నాయన్నారు. "మెదడులో ఏం జరుగుతోందో ఇక్కడే తెలిసిపోతుందమ్మా, చూడాలే గానీ" అన్నారు. ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు.

మూడు రోజులు స్పృహ లేదు. పదకొండు రోజులు డయాలిసిస్. వాడు బతికాడు. మూత్రపిండాలు కోలుకున్నవి, చూపు నిలిచినది. కానీ విప్పిన గడియారాన్ని తిరిగి బిగిస్తూ సగంలో ఆగిపోయి, దాన్నే చూస్తూ కూర్చుంటున్నాడు.

5. వాడిని చేర్పించిన రోజే నేను పాత స్లైడు తీసి మళ్ళీ చూశాను. నలభైమూడో చోట ఉన్నవి క్రిములు. సన్నటి ఉంగరాల్లా, రెండు.

6. ఆసుపత్రి వరండాలో మా అమ్మ మరదలిని అన్న మాటలు: "ఇంట్లోనే ల్యాబు మనిషి ఉందే! నోరు తెరిచి ఒక్కమాట అడిగి ఏడవలేకపోయావా?" మరదలు నా వంక చూసింది. అడిగానని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తల వంచుకుని నేల మీది పలకలు లెక్కపెట్టాను. అవి మాత్రం వందా లెక్కపెట్టాను.

కావున తమరు దయయుంచి, 'భార్య అశ్రద్ధ' అను మాటలను కొట్టివేయించవలెను. పత్రములో 'ప్రయోగశాల' అను నాలుగో గడి చేర్పించి, అందులో మొదటి టిక్కు నాకే పెట్టించవలెను. ఆ నెలలో నేను 'లేదు' అని రాసిన స్లైడ్లన్నీ వేరొకరిచేత తిరిగి చూపించవలెను. మిగతావన్నీ వంద దాకా చూశాననే నా నమ్మకం. ఆ నమ్మకాన్ని తమరు నమ్మవద్దు. నాకు విధించు శిక్ష తమ చిత్తం.

సగంలో ఆపక, ఆసాంతం చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్లైడ్లు చూచు ఉద్యోగిని

తా.క.: దీన్ని మరదలికి చదివి వినిపించాను. తమ్ముడి చొక్కాలు మడతపెడుతూ మొత్తం విన్నది.

"బాగానే రాశారు వదినా. కానీ ఆ ఆఫీసరుగారెవరో నన్నేమీ అనలేదుగా. అన్నది అత్తయ్యగారు."

నిజమే. తమకు రాయడం సులువు కాబట్టే తమకు రాశానేమో. అమ్మ ముందుగదిలో బియ్యం ఏరుతోంది.

నకలు: మా అమ్మకు. చదివి వినిపించడానికి ఇప్పుడే వెళ్తున్నాను.