రెండో కాలి సాక్స్

శనివారం, నాచారం.

ఉప్పల్‌లో మా తోటికోడలు సరళక్క ఇంటికి వెళ్లి, ఆమె కూతురికి పుట్టిన పాపకు నేను అల్లిన ఊలు సాక్స్ ఒక కాలిది ఇచ్చి వచ్చాను. రెండోది ఇంకా సగంలోనే ఉంది. పాపను చూడటానికి వచ్చిన వియ్యపురాలికి దాన్ని చూపిస్తూ అక్క ఏమన్నదో తెలుసా? "నేనే అల్లిన వదినా. కండ్లు గుంజినా ఇడ్సిపెట్టలె."

నేను చాయ్ కప్పులతో పక్కనే నిలబడి ఉన్నాను!

వంటింట్లో నిలదీస్తే నవ్వింది. "ఎవరు అల్లితే ఏంది లతా? రేపు తొట్టెలకు రెండోది జర జల్ది తే."

తెస్తాను. మడమ మలుపు దగ్గర కావాలనే ఆపేశాను. మొదటిదాంట్లో అది కుదరక నేనే మూడుసార్లు విప్పి అల్లాను. అక్కకు సూది పట్టుకోవడమే రాదు. రేపు పాపను ఉయ్యాలలో వేసే తొట్టెలకు వచ్చిన ఆడవాళ్లందరి ముందు ఊలుతో, సూదులతో సహా ఆమె ఒళ్లో పెడతాను. "అక్కా, నువ్వు అల్లిందే కదా, మిగిలింది గీడనే కూసొని అల్లు" అంటాను.

పాపకు ఏసీ గదిలో రెండో కాలు చల్లబడుతుందేమో...

చల్లబడనీ. అమ్మమ్మ అల్లుతుందిగా.