పాప బరువులో పన్నెండు శాతం

అనకాపల్లి,
నవంబరు 2003.

ప్రియమైన పాప నాన్నగారికి,

సుజి వందనాలతో రాస్తున్నాను. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. జమ్మూలో చలి ముదిరిందని రాశారు. చెవులకు మఫ్లరు కట్టుకోకుండా డ్యూటీకి వెళ్లకండి.

పాప ఎవరి పోలిక అని అడిగారు. నుదురు మీదే. ఏడుపు మాత్రం అత్తయ్యదని మా నాన్న అంటే, ఆవిడ ఇప్పటికీ ఆయనతో మాట్లాడడం లేదు. మీరు రాసిన దీనా అన్న పేరు అందరికీ నచ్చింది.

బరువెంత అనీ అడిగారు. అక్కడికి వచ్చేసరికి ఏం రాయాలో తెలియక కాగితాలు చింపుతున్నాను. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు, అది మీకు తెలుసు. వారం తిరిగేసరికి పాప పాలు తాగడం మానేసి, లేపినా లేవకుండా పడుకుంటే ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరుగారు తూచి, "పన్నెండు శాతం తగ్గిపోయింది. పుట్టిన బరువుకు వచ్చాకే ఇంటికి పంపుతాం" అన్నారు.

మొన్న పొద్దున్న ఆయనే నవ్వుతూ, "పన్నెండు శాతం పెరిగిందమ్మా" అన్నారు. తగ్గినంతా పెరిగిందనుకుని బట్టలు సర్దేశాను. అత్తయ్య ఆటో కోసం కిందికి వెళ్లారు. అంతలో నర్సు అప్పలనర్సమ్మగారు వచ్చి, "ఎక్కడికమ్మా? ఇంకా ముప్పై ఆరు గ్రాములు తక్కువుంది" అన్నారు.

పెరిగిన పిల్ల అప్పుడే మళ్లీ తగ్గిపోయిందా? "మీ కాటా పాడైపోయింది. లేకపోతే ఇంకెవరి పిల్లనో తూచేరు" అని అరిచేశాను.

ఆవిడ కోప్పడలేదు. మంచం మీద నా పక్కన కూర్చున్నారు.

"ఇటు సూడమ్మా. రెండున్నర కిలోల్లో పన్నెండు శాతమంటే మూడొందల గ్రాములు. అది పోతే రెండు కిలోల రెండొందలు మిగిలింది. ఇప్పుడు పెరిగిన పన్నెండు శాతం ఆ మిగిలినదాని మీద లెక్క. అది రెండొందల అరవై నాలుగే అవుతాది."

"మరి పోయిందంతా రావాలంటే?"

"పదమూడున్నర శాతం దాటాలి."

తగ్గడానికి పన్నెండు చాలింది, తిరిగి రావడానికి పదమూడున్నర ఎందుకు? తలూపాను గానీ నాకు ఇప్పటికీ అయోమయంగానే ఉంది. ఆటో మాట్లాడి వచ్చిన అత్తయ్యకు చెప్పబోతే, "ఆ శాతాలేటో నాకొద్దు. పిల్ల బాగుందా, నేదా? అది సెప్పు" అన్నారు. సర్దిన బట్టలు మళ్లీ బయటికి తీశాను.

ఒక మాట దాచాను. అంతా కులాసా అని మీకు రాసిన క్రితం ఉత్తరం ఈ ఆసుపత్రి మంచం మీదే రాశాను. "బోర్డర్లో ఉన్నోడు, బెంగెట్టుకుంటాడు, రాయకు" అని అత్తయ్య అన్నారు. ఇదీ ఇక్కడినుంచే రాస్తున్నాను. అందరం బాగున్నామని పైన చెయ్యి అలవాటుగా రాసేసింది.

ఇవాళ తూచారు. రెండు కిలోల ఐదు వందల ఇరవై. సాయంత్రం ఇంటికి వెళ్లమన్నారు. అత్తయ్య సంతోషంతో ఏడ్చేశారు. నాకు మాత్రం భయంగా ఉంది. ఇంట్లో కాటా ఉండదు, నర్సమ్మగారు ఉండరు. పాప పెరుగుతోందో తగ్గుతోందో నాకు ఎలా తెలుస్తుంది?

సెలవు పెట్టక్కర్లేదని క్రితంసారి రాశాను. అది నిజం కాదు. రండి.

ఇట్లు,
మీ కోసం చూస్తున్న పాప అమ్మ,
సుజి