ఐలయ్య గారి మోకాలి బెల్టు

మెడికల్ సూపరింటెండెంట్ గారి దివ్యసముఖమునకు,

విషయం: మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవారి యోగక్షేమాలు కనుక్కునే పద్ధతి బాగుచేయుట, శ్రీ ఐలయ్య గారి కేసు షీటులో ఒక వాక్యం కొట్టివేయుట గురించి.

అయ్యా,

తమరు రౌండ్లు, మీటింగులు, వాటి మీద మీటింగులు అనే మహాకార్యాల్లో మునిగి ఉండగా, ఫాలో-అప్ విభాగంలో హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునే అల్పజీవి అర్జీ రాయడమే ఘోరాపరాధం. ఇందులోని ప్రతి ఒత్తుకూ, ప్రతి దీర్ఘానికీ విడివిడిగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకొనుచున్నాను.

1. ఆపరేషన్ తర్వాత రెండో వారం, ఆరో వారం మేము ఫోన్ చేయవలెను. ఫారంలో మొదటి ప్రశ్న "ఎలా ఉన్నారు?" ఈ ప్రశ్నకు మనవాళ్లెవరూ నిజం చెప్పరు. ప్రాణం పోతున్నా "మంచిగున్న సార్, మీరు మంచిగున్నరా?" అంటారు. ఆ మర్యాదకు మేము టిక్కు పెట్టి, నెలాఖరున గ్రాఫు గీసి తమకు సమర్పించుకొనుచున్నాము.

2. ఫారంలో రోగి చెప్పినదానికి గడులున్నవి. రోగి అడిగినదానికి గడి లేదు.

3. ఇంటికి పంపేటప్పుడు "బెల్టు తీయొద్దు" అని గట్టిగా చెప్పుదురు. ఎప్పుడు తీసి కాలు వంచాలో మాత్రం ఇంగ్లీషు కాగితం మూడో పేజీలో ఉండును. పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీగా ఉన్న ఐలయ్య గారు సెల్లార్ ర్యాంపు మీద జారి లిగమెంటు తెంచుకుని, మన దగ్గరే ఆపరేషన్ చేయించుకున్నారు. విన్న మాట పాటించారు. పదకొండు వారాలు. స్నానానికీ తీయలేదు, ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నారు. ఇంతటి క్రమశిక్షణ మన సిబ్బందిలో ఎవరికీ లేదని మనవి.

మొన్న సోమవారం ఆయన, భార్య పోచమ్మ గారు వచ్చారు. ఫిజియోథెరపిస్టు స్వప్న గారు బెల్టు విప్పితే మోకాలు వంగలేదు.

"ఇన్ని రోజులు ఎక్సర్‌సైజులు ఎందుకు చేయలేదండీ?"

"బెల్టు తియ్యొద్దన్నరు గదమ్మా."

"ఆరు వారాల తర్వాత కూడానా? ఎవరన్నారు?"

తలుపు దగ్గరున్న నేను "కుర్చీ తేనా మేడం?" అన్నాను. ఆ గొంతుకు ఐలయ్య గారు ఇటు తిరిగి చూశారు.

"అడుగుతుంటే చెప్పవేంది? ఎవరన్నరు?" అని పోచమ్మ గారు పొడిచారు.

"యాదికి లేదు తియ్."

కేసు షీటులో "రోగి సూచనలు పాటించలేదు" అని రాశారు. ఆ వాక్యం ఉన్నంతకాలం, మత్తిచ్చి మోకాలు వంచే రెండో చికిత్స ఖర్చు ఆసుపత్రి బాధ్యత కాదట. నెలాఖరులోగా కాలు వంగకపోతే సెక్యూరిటీ ఏజెన్సీవారు గేటుకు ఇంకొకరిని పెట్టుకుంటారట.

కావున, బెల్టు తీసే తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వవలెననీ, రోగికి వీలైన వేళకు ఫోన్ చేసి "పీట మీద కూర్చోగలుగుతున్నారా? మెట్లు దిగుతున్నారా?" అని అడగవలెననీ, రోగి ప్రశ్నను అదే రోజు ఫిజియోథెరపీవారికి చేర్చవలెననీ, అన్నిటికన్నా ముందు ఆ వాక్యం కొట్టివేసి ఐలయ్య గారికి చికిత్స చేయించవలెననీ ప్రార్థన. తీరిక చూసుకుని కాదు, ఈ వారమే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఇప్పటివరకు),
దినేష్, బి.టెక్.

తా.క.: పైన తప్పులన్నీ ఫారానివే అన్నట్టు రాశాను. ఆరో వారం ఐలయ్య గారికి ఫోన్ చేసింది నేనే. "సార్, బెల్టు ఎప్పుడు తియ్యాలె? కాలు కట్టెలెక్క అయితాంది" అన్నారు. పక్క సీట్లవాళ్లను నవ్వించాలని, "తీసుడెందుకన్నా, నీకు మంచిగ సూటయింది. నా పెండ్లయినంక తీద్దువులే" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. "సరే సార్, మీరు చెప్పినంకనే తీస్త" అన్నారు.

నేను మళ్లీ ఫోన్ చేయలేదు.